సుల్తాన్‌బీ సాలు పాటలు

కువైట్‌లోని మహబూలాలో మేముండే బిల్డింగు కింద ఆడవాళ్ల బట్టలు కుట్టే దుకాణం ఒకటుంది. మూడు మిషన్లు, ఒక నిలువుటద్దం, గోడకు ఆనించిన గుడ్డల తాన్లు. మధ్య మిషను దగ్గర కూర్చునే అమ్మాయి పేరు షబ్నమ్, రాయచోటి పిల్ల. జనవరిలో ఒక శనివారం జాకెట్టు చేతులు వదులు చేయించుకుందామని వెళ్తే, ఆ అమ్మాయి ఫోను పక్కన పెట్టుకుని ఎవరిదో పాట వింటూ కుడుతోంది. పాట వెనక ఎగ్జాస్ట్ ఫ్యాను రొద, గిన్నెల చప్పుడు. వాటి మధ్య ఒక ఆడగొంతు. కొంచెం బొంగురు. చరణం చివర ఊపిరి పీల్చుకోవడం కూడా వినిపిస్తోంది. పాట సాగేకొద్దీ వేగం పెరుగుతోంది. ఎవరో తరుముతున్నట్టు కాదు, పని ఒక కొలిక్కి వస్తున్నట్టు.

నేను జాకెట్టు సంగతి మర్చిపోయాను.

"ఎవరు షబ్నమ్ ఈ పాడేది?"

"మా పెద్దమ్మ మేడమ్. సుల్తాన్‌బీ. సబా అల్ సలేంలో కువైటోళ్లింట్లో వంట చేస్తాది."

"ఎక్కడైనా నేర్చుకుందా?"

షబ్నమ్ నోట్లో ఉన్న గుండుసూది తీసి నవ్వింది. "అన్నం వంచుతా పాడతాది మేడమ్. ప్రతి శుక్రవారం పొద్దున్నే మా గ్రూపులో ఒక పాట పెడతాది. రెండొందల మందిమి ఉండాం. అందురం ఇండ్లల్లో, షాపుల్లో పనిచేసేటోళ్లమే. అది ఇనకపోతే మాకు శుక్రారం అయినట్టే ఉండదు."

నా గురించి కొంచెం చెప్పాలి. నేను ఇక్కడ ఒక బ్యాంకులో సాఫ్ట్‌వేర్ పని చేస్తాను. సొంతూరు విజయవాడ. కాలేజీ రోజుల నుంచీ నాకు రికార్డింగు పిచ్చి. పెళ్లయి కువైట్ వచ్చాక ఫ్లాట్‌లో మిగిలిన చిన్న గదిని స్టూడియోగా మార్చుకున్నాను. ఖరీదైన మైకు కొన్నాను. మా ఆయన ఉజ్వల్ ఆ గదిని 'గుహ' అంటాడు. నాలుగేళ్లుగా ఆ గుహలో నేను చేసిందల్లా స్నేహితురాళ్ల చేత సినిమా పాటలు మళ్లీ పాడించి, వాళ్ల శ్రుతిని కంప్యూటర్లో సరిచేసి, ఇంటర్నెట్‌లో పెట్టడం. వాటిని మా రెండు కుటుంబాల వాళ్లు విన్నారు.

ఆ రోజే సుల్తాన్‌బీ నంబరు తీసుకుని ఫోన్ చేశాను. మీ పాటలతో ఒక ఆల్బమ్ చేద్దామన్నాను.

"ఆల్బమంటే ఏంది మా? పెండ్లి ఫొటోల బుక్కా?"

"కాదండీ. ఒక ఏడెనిమిది పాటలు వరసగా రికార్డు చేసి, ఒక పేరు పెట్టి, అందరూ వినేట్టు పెట్టడం."

అవతల కుక్కర్ విజిల్ వేసింది. ఆమె పోయి స్టవ్ ఆపి వచ్చింది. "మామాను అడగాల," అంది చివరికి.

మామా అంటే ఆమె పనిచేసే ఇంటి ఇల్లాలు. ఇక్కడ ఇళ్లల్లో పనిచేసే మనవాళ్లందరూ అలాగే పిలుస్తారు. సుల్తాన్‌బీ 2006లో కువైట్ వచ్చింది. మొట్టమొదట కాలుపెట్టిన ఇంట్లోనే ఇప్పటికీ ఉంది. ఆ ఇంటి పిల్లలు ఆమె చేతి తిండి తిని పెరిగి, పెళ్లిళ్లు చేసుకుని, వాళ్ల పిల్లలను తీసుకుని శుక్రవారం భోజనానికి వస్తుంటారు. ఆ భోజనం అయ్యాక సాయంత్రం మగ్రిబ్ నమాజు వరకు ఆమెకు సెలవు. పాటల కోసం ఆ నాలుగు గంటలూ ప్రతి వారం బయటికి పోతానని అడిగేసరికి మామాకు అనుమానం వచ్చింది.

"నువ్వు పాటగత్తెవైపోతే నాకు మచ్‌బూస్ ఎవరు వండుతారు?" అందట.

"నేను యాడికీ పోను మామా. శుక్రారం పోయి శుక్రారమే వస్తా."

"ఏం పాటలు అవి? పాడు, వింటాను."

సుల్తాన్‌బీ వంటగదిలో నిలబడి, వేరుశనగ చేలో పాడుకునే చెనిక్కాయల పాట పాడింది. మామాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ పాట అయ్యాక కుర్చీ లాక్కుని కూర్చుందట. తర్వాత వాళ్ల తాత గురించి చెప్పింది. ముత్యాల కోసం ఓడల మీద నెలల తరబడి పోయే కాలంలో ఆయన పని తెడ్డు వేయడం కాదు, పాడటం. తెడ్లు వేసేవాళ్ల చేతులు ఒక్క తీరున లేవాలంటే పాట కావాలి. "ఆయన పాటను ఎవరూ రికార్డు చేయలేదు," అంది మామా. "యల్లా, పో. రంజాన్ నెలలో మాత్రం కుదరదు."

అలా ఫిబ్రవరి మొదటి శుక్రవారం సుల్తాన్‌బీ మా ఇంటికి వచ్చింది. యాభై ఏళ్ల మనిషి. పొట్టి, గట్టి ఒళ్లు, నల్ల అబాయా కింద పసుపుపచ్చ చీర. చేతిలో స్టీలు డబ్బా, అందులో మా కోసం చేసిన రవ్వలడ్డు. గుహలోకి తీసుకెళ్లగానే మైకు వైపు చూడలేదు. గోడల వైపు చూసింది. శబ్దం గోడలకు తగిలి వెనక్కి రాకుండా నేను పాత పరుపులు రెండు నిలబెట్టి, వాటి మీద దుప్పట్లు మేకులతో కొట్టాను. ఆమె ఒక పరుపు మీద చెయ్యి వేసి నొక్కింది.

"ఇది ఎవురు కుట్టినారు మా?"

"కొన్నవేనండీ."

"దూదంతా కిందికి దిగిపోయిండాది. పైన ఉత్త గుడ్డ. ఇట్లయితే నీ సౌండు యాడ ఆగుతాది?"

వాళ్లది దూదేకుల కుటుంబం. ఇంట్లో మాట్లాడేది తెలుగే. వాళ్ల నాయన ఊరూరా తిరిగి దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఆ రోజు ఒక్క పాట కూడా రికార్డు కాలేదు. నా దగ్గర పెద్ద సూది లేదంటే కింద షబ్నమ్ దుకాణానికి పోయి తెచ్చింది. పరుపు నేల మీద పరిచి, ఒక పక్క విప్పి, దూది చేత్తో విడదీసి సమానంగా పరిచి, జానెడు జానెడుకు ఒక కుట్టు వేసి బిగించింది. నన్ను ఒక మూల పట్టుకోమంది. పని చేస్తూ తన కథ చెప్పింది.

తల్లి చెనిక్కాయల కాలంలో కూలికి పోయేది. పదేళ్లకే సుల్తాన్‌బీ తల్లి వెంట సాల్లోకి దిగింది. సాలంటే చేలో ఒక వరస. కూలి ఆడవాళ్లు తలా ఒక సాలు పట్టుకుని చెట్లు పెరుక్కుంటూ పోతారు. పాట ఎత్తుకునే మనిషి మధ్య సాలులో ఉంటుంది, అటూ ఇటూ అందరికీ వినబడాలని. పదహారేళ్లకు ఆ మధ్య సాలు ఆమెదైంది. ఆమె ఎత్తుకుంటే ముప్పై మంది అందుకునేవాళ్లు. ఆమె వస్తుందంటేనే వస్తామనే కూలివాళ్లు ఉండేవాళ్లు. పెళ్లయింది షావలి అనే పరుపుల ఆయనతోనే. అతను పాడడు, కానీ వింటాడు. కూతురు ఇప్పుడు బడిలో టీచరు. రాయచోటిలో ఇల్లు ఉంది, దుకాణం ఉంది.

"మరి తిరిగి వెళ్లిపోవచ్చు కదా?" అన్నాను.

"పోతా. తొందరేముంది? మామా మోకాళ్ల ఆపరేషన్ కావాల. ఆమె నడిస్తే పోతా." దారం పంటితో కొరికి, పరుపు మీద అరచేత్తో గట్టిగా చరిచింది. "ఇప్పుడు సూడు, ఎట్లా ఉండాదో."

పరుపులు మళ్లీ నిలబెట్టాక గదిలో చప్పట్లు కొట్టి చూశాను. చప్పుడు పుట్టిన చోటే ఆగిపోయింది. నాలుగేళ్లలో నేను సాధించలేనిది అది.

తర్వాతి శుక్రవారం పాట మొదలుపెట్టాం. ఇక్కడ నేను చేసిన తప్పు దాచకుండా చెప్పాలి. ఆమె చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, అందులో టిక్కు టిక్కుమనే తాళం వినిపిస్తూ, దాని ప్రకారం పాడమన్నాను. వేగం పెరగకూడదన్నాను. ఆమె ఎదురు చెప్పలేదు. బడిలో కొత్తగా చేరిన పిల్లలా చేతులు కట్టుకుని నిలబడి, టిక్కు టిక్కుకి సరిగ్గా పాడింది. నేను దానికి కీబోర్డు కలిపాను. రెండు మూడు చోట్ల స్వరం కొంచెం కిందికి జారితే కంప్యూటర్లో పైకి లాగాను. అద్దంలా మెరిసింది పాట. ఆమెకు వినిపించాను.

ఆమె తల ఒక పక్కకు వంచి చివరిదాకా విన్నది. "బాగుండాది," అంది. ఒక్క క్షణం ఆగి, "ఎవురో కడుపుకు తినని మనిషి పాడినట్టుండాది," అంది.

నాకు కోపం వచ్చింది. వాళ్ల గ్రూపులోనే పెట్టి అడుగుదామన్నాను. పెట్టింది. మరుసటి రోజు షబ్నమ్ వచ్చిన జవాబులన్నీ నాకు వినిపించింది. సుబియా నుంచి ఒకామె, ఫహాహీల్ నుంచి ఒకామె, జహ్రా నుంచి ఇద్దరు. అందరిదీ ఒకటే మాట, కొంచెం అటూ ఇటూగా. "సుల్తానక్కా, జొరమొచ్చిందా? గొంతు అట్లుండాదేమి? పెనడాల్ ఏసుకోక్కా."

ఉజ్వల్ ఆ మాట విని సోఫాలో పడి నవ్వాడు. నేను ఆ రాత్రి భోజనం చేయలేదు. మర్నాడు పొద్దున ఆఫీసుకు పోతూ కారులో ఆమె పాత వంటగది పాటను, నా పాటను ఒకదాని తర్వాత ఒకటి పెట్టుకుని విన్నాను. సాలు చివరికి వచ్చేకొద్దీ చేతులు వేగం అందుకుంటాయి, పాట కూడా. నేను తీసేసింది తప్పును కాదు, చేనును. ఆఫీసు పార్కింగ్‌లో కూర్చునే ఆ ఫైలు చెరిపేశాను.

ఆ తర్వాత హెడ్‌ఫోన్లు లేవు, టిక్కులు లేవు, కీబోర్డు లేదు. నిలబడి పాడితే ఆమెకు పాట సరిగా రాదని తెలిసి, చాప వేసి కూర్చోబెట్టి, మైకు కిందికి దించాను. చప్పట్లకు షబ్నమ్‌ను, ఆమె దుకాణంలోని మరో ఇద్దరిని పిలిచాం. రంజాన్ నెల ఆగాం. మే నెల సగానికి వచ్చేసరికి ఏడు పాటలయ్యాయి. రెండు చెనిక్కాయల పాటలు, పెళ్లికూతురికి నలుగు పెట్టే పాట, ఉయ్యాల పాట, పీర్లను నీళ్లకు తీసుకుపోయేటప్పుడు ఊరంతా పాడేది, కోడలు అత్త మీద చెప్పుకునే చాడీ. ఏడోది ఆమె సొంతంగా కట్టింది, మామా వంటింట్లో మొదటి రోజు గురించి. ఇక్కడి అరబ్బీలో నీళ్లను 'మాయ్' అంటారు. మామా దాహమేసి "మాయ్! మాయ్!" అని కేకపెట్టిన ప్రతిసారీ, తననే 'మేయ్' అని పిలుస్తోందనుకుని, "ఆఁ, వస్తాండా" అంటూ సుల్తాన్‌బీ వట్టి చేతులతో పరుగెత్తింది. నాలుగోసారి మామానే లేచి వచ్చి కుళాయి తిప్పుకుని తాగింది. పాటలో ఆ కుళాయి దగ్గర ఆమె నవ్వు ఆపుకోలేక రెండుసార్లు మళ్లీ పాడాల్సి వచ్చింది.

ఎనిమిదో పాట దగ్గర చిక్కు వచ్చింది.

గ్రూపులో అందరూ అడుగుతున్నది అదే. చెట్లు పెరికే ఆడపిల్లకీ, ఆ కట్టలను ఎద్దులబండికి ఎత్తే మగవాడికీ మధ్య సవాలు పాట. ఆమె పొడుపుకథలాంటి చిక్కు ఒకటి వేస్తుంది, అతను విప్పుతాడు. విప్పితే బండి కదులుతుంది, లేకపోతే కాడి దించాలి. ఆడదాని చరణాలు సుల్తాన్‌బీకి వచ్చు. మగవాడివి రావు.

"ఆ మాటలు ఎవరికి తెలుసు?" అని అడిగాను.

"ఒక్కడికే తెలుసు. పెద్దన్న అని, మా ఊరి బండాయనకు."

"ఆయన ఊళ్లో ఉన్నాడా?"

"లేదు మా. ఈన్నే ఉండాడు. అమ్ఘరాలో, పాతినుము యార్డులో. పదకొండేండ్లయింది వచ్చి."

"మరింకేం? వెళ్దాం."

ఆమె గోడ వైపు తిరిగి అబాయా సర్దుకుంది. "నేను రాను. ఆయనకు నా మొగం ఎట్లా సూపీను?"

అప్పుడు చెప్పింది. ఆమెకు పందొమ్మిదేళ్లప్పుడు, రైతు చేలో, కూలివాళ్లంతా చూస్తుండగా, బండి పెద్దన్నతో సవాలు పడింది. ఆయన పేరున్న పాటగాడు. అప్పటిదాకా ఎవరి చేతిలోనూ ఓడలేదు. ఆమె వేసిన చిక్కు ఇది:

*ఇత్తనమే లేకుండా మొలిసేదేదిరా*
*ఏరన్నది లేకుండా పాకేదేదిరా*
*పండ్లన్నవి లేకుండా నమిలేదేదిరా*
*సెప్పి బండి తోలుకో సిన్నోడా*
*సెప్పకుంటే కాడి దించు సిన్నోడా*

పెద్దన్న తడుముకోకుండా *నిప్పే గదా పిల్లా, నిప్పే గదా* అన్నాడు. జనం గోల చేశారు. సుల్తాన్‌బీ ఆ గోల ఆగేలోపు ఇంకో పాదం అందుకుంది.

*నీళ్లు తాగి బలిసే నిప్పు యాడుందిరా?*

పెద్దన్న నోరు తెరిచి, మూసుకున్నాడు. తర్వాత ఎద్దుల మెడ మీద నుంచి కాడి దించి, బండి అక్కడే వదిలేసి నడిచి వెళ్లిపోయాడు. ఊరు ఆయనకు 'నిప్పు పెద్దన్న' అని పేరు పెట్టింది. ఆయన మళ్లీ ఆ ఊళ్లో పాడలేదు.

"ఆటలో గెలవడం తప్పేముంది అక్కా?" అన్నాను.

ఆమె ఏదో చెప్పబోయి ఆగింది. "నీకు తెల్దులే మా," అంది.

రెండు వారాలు పట్టింది ఆమెను ఒప్పించడానికి. జూన్ మొదటి శుక్రవారం ఉజ్వల్ కారు తీశాడు. అమ్ఘరా చేరేసరికి గాలిలో దుమ్ము, ఎండ తెల్లగా ఉంది. రోడ్డుకు రెండు పక్కలా కారు తలుపులు, పాత ఏసీ పెట్టెలు, వంకరపోయిన ఇనుప కడ్డీలు గుట్టలు గుట్టలుగా పోసి ఉన్నాయి. సెలవు రోజు కాబట్టి క్రేన్లు ఆగి ఉన్నాయి. యార్డు వెనక రేకుల క్యాబిన్ ముందు, లుంగీ కట్టుకుని, ఒక మనిషి బకెట్లో బట్టలు ఉతుక్కుంటున్నాడు. అరవైకి దగ్గరగా ఉంటాడు. తెల్లటి మీసం. గ్యాస్ మంటతో ఇనుము కోసే పని వల్ల చేతుల మీద చిన్న చిన్న మచ్చలు.

సుల్తాన్‌బీ కారు దిగి అక్కడే నిలబడింది. ఆయన తలెత్తి చూశాడు. పిండుతున్న చొక్కాను అలాగే పట్టుకుని ఉండిపోయాడు.

"పెద్దన్నా, నేను..."

"తెలుసు. నడక సూస్తే తెలుస్తాది," అన్నాడు ఆయన. "మే సుల్తానూ, ఎన్నేండ్లకు వస్తివే! షావలి బాగుండాడా?"

క్యాబిన్‌లో కూర్చోబెట్టి, పాల డబ్బా తీసి టీ పెట్టాడు. నేను ఆల్బమ్ సంగతి చెప్పాను. మగవాడి చరణాలు కావాలన్నాను. ఆయన గ్లాసులు అందిస్తూ విన్నాడు.

"పాడను మా. ఆ పాట నేను ఇడిసిపెట్టి ముప్పై ఏండ్లయింది."

సుల్తాన్‌బీ తల వంచుకుంది. ఇక లేచి పోవడమే అనుకున్నాను. ఆయన టీ ఒక గుక్క తాగి, గ్లాసు కింద పెట్టాడు.

"ఇడిసిపెట్టినా గానీ, ఆ చిక్కు నన్ను ఇడిసిపెట్టలే. పొద్దున లేస్తే అదే. అన్నం తింటాంటే అదే. మూడేండ్ల కింద, ఇదో, ఈ యార్డులోనే, జవాబు దొరికింది. ఎవురికి చెప్పాల? ఈడ ఉండేదంతా బంగ్లావోళ్లు, పఠాన్లు. వాళ్లకేం తెలుస్తాది?"

"ఏం జవాబు?" అన్నాను ఆత్రంగా.

"నీకెందుకు చెప్తాను మా? అడిగింది ఆ పిల్ల. ఆ పిల్ల పాడితే, పాటలోనే చెప్తా." అలా అన్నాక తన మాట తనకే వినిపించినట్టు, మీసం కింద కొంచెం నవ్వాడు. "ఎప్పుడు రమ్మంటారు?"

వచ్చే శుక్రవారమే రమ్మన్నాం. తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుని, బస్సులు మారి, మేము చెప్పిన దానికి గంట ముందే వచ్చాడు. చేతిలో జానెడు ఇనుప కడ్డీ, ఒక పెద్ద బోల్టు. కడ్డీని దారంతో వేలాడదీసి బోల్టుతో కొడితే ఎద్దు మెడలో గంట మోగినట్టే ఉంది. రికార్డు చేసేటప్పుడు ఏసీ ఆపాలి. కువైట్‌లో జూన్ నెలలో ఏసీ ఆపితే పది నిమిషాలకు మించి ఉండలేం. తలుపు వేసి, ఇద్దరినీ చాప మీద ఎదురెదురుగా కూర్చోబెట్టి, మధ్యలో ఒకటే మైకు పెట్టాను. ఇద్దరి మెడల మీదా తడి తువ్వాళ్లు.

మొదటి చరణాలు మామూలుగా సాగాయి. ముప్పై ఏళ్లు వాడని గొంతు కదా, పెద్దన్న మొదట్లో తడబడ్డాడు. మూడో చరణానికి దారిలో పడ్డాడు. సుల్తాన్‌బీ చిక్కు ఎత్తుకుంది. విత్తనం, వేరు, పళ్లు. ఆయన *నిప్పే గదా* అన్నాడు. ఆమె ఒక్క క్షణం ఆయన ముఖంలోకి చూసి, *నీళ్లు తాగి బలిసే నిప్పు యాడుందిరా* అని వేసింది. వేసి ఆగింది.

పెద్దన్న బోల్టుతో కడ్డీని ఒక్కసారి కొట్టాడు.

*నిప్పు గాదులే పిల్లా, తుప్పు గదా*
*ఇత్తే లేక ఇనుము మీద మొలిసింది గదా*
*నీళ్లు తాపి సూడు పిల్లా, ఇడిసిపెట్టి సూడు*
*నీ కొడవలంతా నమిలి మింగుతాది సూడు*
*కాడి ఎత్తి కట్టినా, బండి కదిలెనే*

షబ్నమ్ చప్పట్లు కొట్టడం మర్చిపోయి "యా అల్లా!" అంది. నిప్పుకూ తుప్పుకూ ఒక్క అక్షరమే తేడా. తుప్పు గుట్టల మధ్య ఎనిమిదేళ్లు తిరిగితే గానీ ఆయనకు అది కనిపించలేదు.

సుల్తాన్‌బీ మాత్రం తర్వాతి చరణం అందుకోలేదు. ఆమె కళ్లు పెద్దవయ్యాయి. మైకు ఇంకా నడుస్తోంది.

"పెద్దన్నా, ఒక మాట చెప్తా, కోప్పడొద్దు."

"చెప్పు."

"ఆ పొద్దు నా దగ్గర జవాబు లేదు. నువ్వు నిప్పు అన్యాక ఓడిపోతానేమో అని నోటికొచ్చింది అనేసినా. నీళ్లు తాగి బలిసేది ఏందో నాకూ తెల్దు. నువ్వు కాడి దించి పోతాంటే పిలుద్దామనుకున్యా. అందురూ నన్ను పొగుడుతాన్యారు. పిల్సలేకపోయినా."

పెద్దన్న తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. తుడుచుకుంటూనే భుజాలు ఊగడం మొదలైంది. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. నవ్వు. కడుపు పట్టుకుని, చాప మీద ఒక పక్కకు ఒరిగిపోయి, కళ్లలో నీళ్లు కారేదాకా నవ్వాడు.

"ముప్పై ఏండ్లు! మే సుల్తానూ, లేని జవాబు కోసరం నాతో ముప్పై ఏండ్లు యెతికిస్తివి గదే!"

"దొరికింది గదా అన్నా."

"దొరికింది," అన్నాడు ఆయన. "నీకు లేనిది నాకు దొరికింది. ఇప్పుడు ఎవురు గెలిచినట్టు?"

"నువ్వే గెలిచినావు. మైకులో చెప్తాండా, ఇను. పెద్దన్నే గెలిచినాడు."

నేను ఏసీ వేశాను. అందరం చెమటతో తడిసిపోయి ఉన్నాం. ఇంకోసారి శుభ్రంగా పాడదామా అని ఉజ్వల్ అడిగాడు. నేను వద్దన్నాను. ఆ పాటను ఆ మాటలతో, ఆ నవ్వుతో, ఎలా వచ్చిందో అలాగే ఉంచాను. ఒక్క చోటైనా ముట్టుకోలేదు.

పేరు గురించి గ్రూపులో వారం రోజులు వాదన జరిగింది. ఎవరో 'కువైట్ కోయిల' అన్నారు. సుల్తాన్‌బీ ఒప్పుకోలేదు. "నేను కోయిలనేంది? కోయిల వంట చేస్తాదా?" అంది. చివరికి 'సాలు పాటలు' అని ఆమే పెట్టింది. అట్ట మీదికి ఫొటో కావాలంటే మహబూలా సముద్రం ఒడ్డున తీశాం. సుల్తాన్‌బీ, పెద్దన్న ఇద్దరూ గజం దూరంలో, చేతులు కిందికి వేలాడేసి, రేషన్ కార్డుకు దిగినట్టు నిలబడ్డారు. నవ్వమంటే ఇంకా బిగుసుకుపోయారు. ఆ ఫొటోనే వేశాను. ప్రతి పాట కింద అది ఎవరి దగ్గర నేర్చుకుందో రాయమంది. ఉయ్యాల పాట కింద వాళ్లమ్మ పేరు, నలుగు పాట కింద అత్త పేరు. సవాలు పాట కింద రెండు పేర్లు రాశాను. ఆమె చూసి, పెద్దన్న పేరు ముందు పెట్టమంది. మార్చాను.

జూలైలో ఒక శుక్రవారం పొద్దున పాటలన్నీ ఇంటర్నెట్‌లో పెట్టాం. లక్షల మంది విన్నారని నేను చెప్పను. కానీ కువైట్‌లో మనవాళ్ల ఇళ్ల వంటగదుల్లో, డ్రైవర్ల కార్లలో, ఆ వారం అదే మోగింది. రాయచోటి బస్సుల్లో కూడా పెడుతున్నారని ఎవరో చెప్పారు. ఖతర్ నుంచి ఒకామె, ఉయ్యాల పాటలో రెండో చరణం తమ ఊళ్లో వేరుగా పాడతారని పాడి పంపింది. సుల్తాన్‌బీ అది మూడుసార్లు విని, "ఆమెదే బాగుండాది," అంది. ఆ చరణాన్ని ఇప్పుడు ఖతర్ ఆమె పంపినట్టే పాడుతోంది.

మామా తన గురించిన పాటకు అర్థం చెప్పమని పట్టుబట్టింది. శుక్రవారం భోజనాల దగ్గర, కూతుళ్లు కోడళ్లు అందరూ ఉండగా, సుల్తాన్‌బీ ఒక్కో పాదానికీ అరబ్బీలో అర్థం చెప్పింది. వాళ్లు పగలబడి నవ్వుతుంటే మామా కొంచెం చిన్నబుచ్చుకుంది.

"నేను అంత గట్టిగా అరిచానా?"

"అరిచినావు మామా. వీధిలోకి ఇనబడినాది."

పోయిన వారం ఆమె మా ఇంటికి వచ్చింది. పాడటానికి కాదు, ఊరికే. అంతకుముందు రోజు షావలి ఫోన్ చేశాడట. దుకాణంలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా అవే పాటలు పెడుతున్నాడు. పరుపు బేరమాడటానికి వచ్చినవాళ్లు కూర్చుని వింటున్నారు, లేచి పోవడం లేదు. "పందొమ్మిదేండ్లు నువ్వు ఇంట్లో లేకుంటివి, శానా నెమ్మదిగా ఉన్నింది. ఇప్పుడు దినమంతా నీ గొంతే," అన్నాడట. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మీకెలా ఉంది అక్కా, మీ ఆల్బమ్?" అని అడిగాను. ఇన్ని నెలల్లో ఆ ప్రశ్న నేను ఒక్కసారీ అడగలేదని అప్పుడే గుర్తొచ్చింది.

ఆమె బాగా ఆలోచించింది. "బాగుండాది మా," అంది. "నలుగు పాటలో కొంచెం తొందరపడినా. పెండ్లికూతురికి పసుపు ఆరనీకుండానే ముగించేసినా." తర్వాత గోడ గడియారం చూసి లేచింది. సాయంత్రం మామా చెల్లెలి కుటుంబం వస్తోందట, బియ్యం నానబెట్టాలి.

టాక్సీ వచ్చిందాకా కింద నిలబడి, నలుగు పాటను ఈసారి నెమ్మదిగా, నాకు మాత్రమే వినబడేట్టు, మొదటి నుంచి చివరిదాకా పాడి వినిపించింది.